కుడితి గోలెం పోయాక మిగిలిన అన్నమంతా డంపింగ్ యార్డుకే పోతోంది, ఏం చేయాలి?

వార్డు మెంబర్, దేవరకొండ దగ్గర:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర చిన్న ఊరు. వంటింటి చెత్తను ఎరువు చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం పారేయడమనేదే లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, అడుగంటిన బువ్వ అన్నీ కుడితి గోలెంలోకే పోయేవి. పొద్దుగూకి బర్రె ఇంటికి రాగానే మూతి పెట్టి అడుగుదాకా తాగేది. పేడ, బూడిద, ఊడ్చిన చెత్త పెంటకుప్పకు పోయి, ఎండాకాలంలో బండ్ల మీద చలకకు చేరేవి. ఇప్పుడు మా వార్డులో నలభై రెండు ఇళ్లుంటే బర్రెలున్నవి ఆరిళ్లే. మిగిలినవాళ్లు అన్నం, చారు, తొక్కలు అన్నీ పాలిథిన్ కవర్లో ముడేసి పంచాయతీ ట్రాక్టర్లో వేస్తున్నారు. 2019లో ప్రభుత్వం పల్లె ప్రగతి కార్యక్రమం మొదలుపెట్టాక మాకూ డంపింగ్ యార్డు, షెడ్డు వచ్చాయి. షెడ్డులో ఎరువు తొట్లు కూడా ఉన్నాయి. వాటిలో ఇంతవరకు తట్టెడు ఎరువు తయారు కాలేదు.

పోయిన నెల ఊళ్లో పెళ్లయింది. మిగిలిన అన్నం రెండు గంగాళాలు యార్డు పక్కన కుమ్మరించారు. మేతకు పోయిన బర్రె ఒకటి అది తిన్నది. రాత్రికి పడిపోయింది, తెల్లారేసరికి చచ్చిపోయింది. మా పెద్దనాన్న కోడలి బర్రె అది, పూటకు మూడు లీటర్లు ఇచ్చేది. ఆమె ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

అప్పుడే మా దొడ్లో గుంత తవ్వి వంటింటి చెత్త వేయడం మొదలుపెట్టాను. పదిహేను రోజులకే వాసన, లుకలుకలాడే పురుగులు. పక్కింటి అత్తమ్మ గొడవకొచ్చింది, మన్ను పోసి మూసేశాను. నేనెక్కడ తప్పు చేశాను? పెళ్లిళ్ల అన్నం ఏం చేయాలి?

పశువుల డాక్టర్, రిటైర్డ్, మహబూబ్‌నగర్:
అమ్మా, ముందు బర్రె సంగతి చెప్తాను, మళ్లీ ఎవరికీ అలా జరగకూడదు. కుడితిలో గుప్పెడు బువ్వ వేరు, గంగాళం అన్నం వేరు. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డికి అలవాటు పడి ఉంటాయి. ఒక్కసారిగా అంత అన్నం పడితే అది పులిసి ఆమ్లం తయారవుతుంది. ఒంట్లో నీరంతా పొట్టలోకి గుంజుకుపోతుంది. కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది, నెమరు ఆగుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, నడక తూలుతుంది. అంతవరకు ఆగకండి. అన్నం తిన్నదని తెలిసిన మరుక్షణం 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ వస్తుంది. పడిపోయిన పశువు నోట్లో మాత్రం ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మేకలకూ గొర్రెలకూ ఇదే ప్రమాదం.

అన్నం వాసనకు కవరుతో సహా మింగిన ఆవుల కడుపులు కోసినవాణ్ణి నేను. లోపల తాళ్లలా పేనుకుపోయిన కవర్లు బయటికి తీస్తుంటే కళ్లల్లో నీళ్లొచ్చేవి. ఆ కవరు ముడి ఆపగలిగితే సగం పని అయినట్టే.

మిర్యాలగూడ వదిన:
చెల్లె, నీ గుంతలో తప్పు ఒక్కటే. తడి మీద తడి వేశావు, లోపల గాలి ఆడలేదు. నేను ఆరేళ్లుగా చేస్తున్నాను. ఒక చిప్ప వంటింటి చెత్త వేస్తే, దాని మీద రెండు మూడు చిప్పల ఎండు సరుకు పడాలి. రాలిన ఆకులు, పల్లి పొట్టు, కంది పొట్టు ఏదైనా సరే. మాకు మిల్లుల ఊక కుప్పలుగా దొరుకుతుంది కానీ ఊకలో సిలికా ఎక్కువ, తొందరగా కుళ్లదు. కొంచెం కలిపితే గాలి ఆడుతుంది, అంతే. మొదట రెండు తట్టల పాత పెంట అడుగున పరచు, పని తొందరగా మొదలవుతుంది. పది రోజులకోసారి తిరగెయ్యి. పిడికిట నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. మూడు నెలలకు నల్లటి మన్ను వాసనొస్తుంది.

ఆ పురుగులు తెల్లగా మెత్తగా ఉంటే ఈగల పురుగులు. బూడిద రంగులో, గట్టిగా, చపటగా ఉంటే భయపడకు, వాటి తల్లి ఈగ మన అన్నం మీద వాలేది కాదు. నాటు కోళ్లను వదులు, ఏరుకు తింటాయి. వానపాములు మాత్రం ఇప్పుడే కొనకు. మన నల్లగొండ ఎండకు నీడలేని తొట్లో చచ్చిపోతాయి.

ట్రాక్టర్ నడిపేవాణ్ణి:
అక్కా, నేను పక్క మండలంలో పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్‌ని. ఉన్నమాట చెప్తున్నా. తడి చెత్త, పొడి చెత్త విడదీసి ఇచ్చినా మేం ఒకే ట్రాలీలో కలిపేసేవాళ్లం. అది చూసినవాళ్లు మర్నాటి నుంచి విడదీయడం మానేసేవాళ్లు, వాళ్లను తప్పుపట్టను. మా ఊళ్లో ట్రాలీ మధ్యలో రేకు అడ్డం పెట్టించాం, రెండు వేలు కూడా కాలేదు. అప్పటి నుంచి మార్పు వచ్చింది.

ముడేసిన కవర్లు మేం చేతులతో విప్పాలి. లోపల బ్లేడ్లుంటాయి, పిల్లల డైపర్లుంటాయి. నా కుడి చేతికి మూడు కుట్లు పడ్డాయి. అన్నం కవర్లతో పాటు గుట్టలో కూరుకుపోతే గాలాడక మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడి పెంచుతుందని ట్రైనింగ్‌లో చెప్పారు. ఎండాకాలం మా యార్డు లోపల్నుంచే రాజుకుంటుంది, ఆ పొగ మొదట పీల్చేది మేమే.

పెళ్లి అన్నానికి మా సర్పంచ్ ఒక పని చేస్తారు. వడ్డన అయిన వెంటనే, అన్నం ఇంకా వేడిగా ఉండగానే మైకులో చెప్పిస్తారు, కావాల్సినవాళ్లు గిన్నెలు తెచ్చుకుంటారు. ఎవరూ చిన్నతనం అనుకోరు. రాత్రంతా ఉంచిన అన్నం మాత్రం మనుషులకు పెట్టకూడదు. అది షెడ్డు తొట్లో పలచగా పరిచి, పైన ఎండు పేడ వేసి కప్పుతాం. మీద ముళ్లకంప.

వార్డు మెంబర్, దేవరకొండ దగ్గర:
అందరికీ దండాలు. డాక్టర్ సార్, 1962 నంబరు మా వార్డులో గోడల మీద రాయించాను. వదినా, గుంత మళ్లీ తెరిచాను. పల్లి పొట్టు రెండు సంచులు ఇచ్చింది ఎవరో తెలుసా? పక్కింటి అత్తమ్మే. వారమైంది, వాసన లేదు. ట్రాలీకి రేకు గురించి తీర్మానం పెట్టమని సర్పంచ్‌ని అడిగాను. శ్రావణంలో మా వీధిలోనే రెండు పెళ్లిళ్లున్నాయి, రెండిళ్ల వాళ్లతోనూ మైకు సంగతి మాట్లాడాను, సరే అన్నారు. ఒక్కటే అడగాలి, ఇప్పుడు ఇంటింటా బత్తాయి తొక్కలు. గుంతలో వేయొచ్చా?

మిర్యాలగూడ వదిన:
వెయ్యి, ముక్కలు చేసి కొద్దికొద్దిగా. వానపాముల తొట్లోనే వద్దు.