అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి పాలసీ: తిరుపతిలో కట్టాలా, అక్కడ కొనాలా?

రేణిగుంట జంక్షన్:
ఆరు నెలలకి అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లే తిరుపతి దంపతులు. ఆయనకి 71. షుగరు, బీపీ, 2021లో స్టెంట్. ఆమెకి 64, బీపీ ఒకటే. ట్రావెల్ పాలసీ ఇక్కడ రూపాయల్లో కట్టడం మేలా, కొడుకు అక్కడ డాలర్లలో కొనడం మేలా? స్టెంట్ సంగతి ఫారంలో రాస్తే పాలసీ రాదు, రాయొద్దని కొందరు ఏజెంట్లు చెబుతున్నారు. అది సరైన సలహానా?

తోతాపురి:
రాయొద్దన్న ఏజెంటు క్లెయిమప్పుడు ఫోనెత్తడు. ఎమర్జెన్సీకి పోగానే నర్సు అడిగేదే ఇదివరకు ఏం జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారని. గుండెనొప్పితో పోయిన మనిషి స్టెంట్ మాట చెప్పకుండా ఉండలేడు, ఉండకూడదు కూడా. అది చార్టులోకెక్కుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లు తెప్పించుకునేది ఆ చార్టునే. ఫారంలో 'లేదు' అని టిక్ ఉందంటే, స్టెంట్‌తో సంబంధం లేని క్లెయిముకి కూడా కొర్రీ వేస్తారు.

అక్కడి విజిటర్ పాలసీల్లో చాలావాటికి కొనేటప్పుడు జబ్బుల చిట్టా అడగరు. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ప్రయాణం తేదీలు, అంతే. అడగలేదు కాబట్టి అన్నీ కవరవుతాయనుకోవద్దు. లెక్కంతా క్లెయిమప్పుడు తీస్తారు. గత రెండు మూడేళ్ల రికార్డులు మన ఊరి డాక్టరు దగ్గర నుంచి పంపమంటారు.

అయినా నా ఓటు అమెరికా పాలసీకే, అదీ కాంప్రిహెన్సివ్‌కి (బిల్లులో పెద్ద భాగం భరించేది). ఫిక్స్‌డ్ బెనిఫిట్ (ఒక్కో ఖర్చుకి ఇంతేనని ముందే కట్టి ఇచ్చేది) చవకని కొనొద్దు. ఉదాహరణకి నాలుగు రోజుల ఆసుపత్రి బిల్లు 40,000 డాలర్లనుకోండి. ఫిక్స్‌డ్‌లో గదికి రోజుకి 1,500 అని రాసి ఉంటే వచ్చేది 6,000, దానిమీద డాక్టరు విజిట్లకి చిల్లర. కాంప్రిహెన్సివ్‌లో 500 డిడక్టిబుల్ (ముందు మనమే కట్టేది), ఆపైన మొదటి 5,000లో మన వాటా 20 శాతం అని ఉంటే, నెట్‌వర్క్ (కంపెనీతో ఒప్పందమున్న) ఆసుపత్రిలో మన చేతినుంచి పోయేది 500 ప్లస్ 1,000. మిగతాది పాలసీ పరిమితి దాకా వాళ్లదే.

కాణిపాకం బస్సు:
డాలర్ పాలసీ అంటే అంత మోజెందుకు సామీ? ఇక్కడి పాలసీలో ప్రీమియం తక్కువ. సామాను పోయినా, పాస్‌పోర్టు పోయినా, ఫ్లయిట్ ఆలస్యమైనా కొంత వస్తుంది. క్లెయిము ఎగ్గొడితే హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నాడు, ఫిర్యాదుకి ఖర్చు లేదు. అక్కడి కంపెనీతో తగాదా వస్తే కొడుకు ఉద్యోగం మానుకుని ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. పైగా స్టెంట్ డిక్లేర్ చేసి, ప్రాణాపాయ స్థితిలో పాత జబ్బుకీ కవర్ ఇచ్చే పాలసీలు ఇక్కడా దొరుకుతున్నాయి. ప్రీమియం పెరుగుతుంది, మెడికల్ టెస్టులు అడగొచ్చు. రాతపూర్వకంగా ఒప్పుకున్నది కదా, దాని విలువ వేరు.

తోతాపురి:
డిక్లేర్ చేసి తీసుకునే మాటైతే సగం ఒప్పుకుంటా. కానీ 60 దాటినవాళ్ల పాలసీల్లో సబ్‌లిమిట్ల పేజీ చూశారా? కవర్ లక్ష డాలర్లని పైన పెద్దక్షరాలు. లోపల గదికింత, ఐసీయూకింత, ఆపరేషన్‌కింత, అంబులెన్స్‌కింత. అదీ ఒక రకం ఫిక్స్‌డ్ బెనిఫిట్టే. ఏజెంటుని ఒకే మాట అడగండి: 'సబ్‌లిమిట్లు లేని ప్లాన్ ఈ వయసుకి ఉందా?' లేదంటే అక్కడితో వదిలేయండి. ఇంకో సంగతి, ఇక్కడి పాలసీ దేశం దాటకముందే తీసుకోవాలి. అక్కడిది దిగాక కూడా కొనొచ్చు, ఆరోజు వరకు వచ్చిన జబ్బు మాత్రం అందులోకి రాదు.

బైరాగిపట్టెడ:
ఇద్దరూ అసలు మెలిక వదిలేశారు. చాలా అమెరికా పాలసీల్లో పాత జబ్బుకి ఇచ్చేది 'అక్యూట్ ఆన్‌సెట్' కవర్ మాత్రమే. హఠాత్తుగా, ముందు ఏ లక్షణమూ లేకుండా రావాలి, మామూలుగా 24 గంటల్లోపు వైద్యం మొదలవ్వాలి. పొద్దున టిఫిన్ తర్వాత ఛాతీలో పట్టేసినట్టుంటే మనవాళ్లు గ్యాసంటారు, జీలకర్ర నీళ్లు తాగి పడుకుంటారు, మర్నాడు మధ్యాహ్నం కొడుక్కి చెప్తారు. గడువు అప్పటికే దాటింది. బయల్దేరేముందు ఇంట్లో గట్టిగా చెప్పాల్సింది ఇది.

షుగరు వల్ల మెల్లగా ముదిరిన కాలి పుండు, బీపీ మాత్రలు, మామూలు చెకప్ ఇందులోకి రావు. మందులు ఇక్కడి నుంచే, 90 రోజులకి మించకుండా, స్ట్రిప్పుల్లోనే, జెనరిక్ పేర్లు రాసిన ప్రిస్క్రిప్షన్‌తో పట్టుకెళ్లాలి. ఇన్సులిన్ చేతి సంచిలో ఉండాలి.

వయసు చూడండి. చాలా ప్లాన్లలో 70 దగ్గర ఒక గీత, 80 దగ్గర ఇంకో గీత. ఆ గీత దాటితే ఈ కవర్ తగ్గుతుంది, లేదా పూర్తిగా పోతుంది. కాబట్టి ఇద్దరికీ ఒకే పాలసీ వద్దు. ఆమెకి వేరే, ఆయనకి వేరే. ఆయనదానికి ఎక్కువ డబ్బు పోసినా తప్పులేదు.

కార్వేటినగరం:
పాలసీ ఎందుకండీ అసలు? బీ-2 (విజిటర్) వీసాకి తప్పనిసరి కాదు. డబ్బు లేకపోయినా ఎమర్జెన్సీలో చూడాల్సిందేనని అక్కడ 1986 నుంచి చట్టముంది. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో బిల్లు తగ్గించమని దరఖాస్తూ పెట్టొచ్చు.

బైరాగిపట్టెడ:
ఆ చట్టం పరీక్షించి, ప్రాణాపాయం తప్పించమంటుంది. బిల్లు వేయొద్దనదు. బిల్లు తగ్గింపుకి డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు నుంచి 240 రోజుల గడువుంది, నిజమే. విజిటర్లకి వర్తిస్తుందా అన్నది ఆ ఆసుపత్రి నియమాల్ని బట్టి. దాన్నే నమ్ముకుని 71 ఏళ్లాయన్ని విమానమెక్కించలేం. మన ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు కూడా అక్కడ పర్సులో కాగితమే.

తోతాపురి:
కార్డంటే గుర్తొచ్చింది. అక్కడ రిసెప్షన్‌లో విజిటర్ పాలసీ పేరు చెబితే 'మేం తీసుకోం' అనొచ్చు. కార్డు మీదున్న పీపీఓ నెట్‌వర్క్ (ఒప్పందమున్న ఆసుపత్రుల, డాక్టర్ల గుంపు) పేరు, పేయర్ ఐడీ (బిల్లు ఏ కంపెనీకి పంపాలో చెప్పే నంబరు) చూపించాలి. లేకపోతే సెల్ఫ్ పే, అంటే మనమే కట్టుకునే లెక్క కింద రాసేస్తారు. జ్వరానికి, దగ్గుకి అర్జెంట్ కేర్ (చిన్న జబ్బులకి వెంటనే చూసే క్లినిక్) చాలు. ఈఆర్‌కి, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోయి అడ్మిట్ కాకపోతే చాలా పాలసీల్లో అదనపు డిడక్టిబుల్ పడుతుంది. ఈఆర్ బిల్లు ఒకటే రాదు. ఆసుపత్రిది వేరే, డాక్టరుది వేరే, స్కాన్ చదివినాయనది వేరే. అన్నిటికీ క్లెయిము పెట్టాలి.

కాణిపాకం బస్సు:
సరే, స్టెంటున్న ఆయనకి రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి సబ్‌లిమిట్లు చూసి తేల్చుకోమందాం. ఆమెకి మీరన్న అమెరికా పాలసీయే. ఇంకొకటి, ఇక్కడ ఇద్దరికీ ఉన్న మామూలు హెల్త్ పాలసీ రెన్యువల్ ఈ ఆరు నెలల్లో పడుతుందేమో చూసుకోండి. గ్రేస్ పీరియడ్ దాటి ల్యాప్సయితే పాత జబ్బుల వెయిటింగ్ (వాటికి కవర్ రావడానికి ఆగాల్సిన కాలం) మళ్లీ మొదటి నుంచి లెక్క. వెల్లూరు పోయినా అప్పుడు జేబులోంచే.