టీకా వేసిన చోట గట్టి గడ్డ, దురద: అల్యూమినియం వల్లేనా?

బాబుతల్లి
మా బాబుకి పద్నాలుగో నెల నడుస్తోంది. ఎడమ తొడలో, సరిగ్గా సూది పడిన చోట, చర్మం కింద గోళీ అంత గడ్డ చేతికి తగులుతోంది. మామూలు రోజుల్లో బాగానే ఉంటాడు. జలుబు చేస్తే మాత్రం నిద్రలోనూ అక్కడే గోక్కుంటాడు. చర్మం కాస్త నల్లబడి, సన్నటి వెంట్రుకలు కూడా వచ్చాయి. టీకాల్లో అల్యూమినియం ఉంటుందని, అది మెదడుకెక్కుతుందని మా తోడికోడలు చెప్పినప్పటి నుంచి ఒకటే టెన్షన్. బూస్టర్ డోసు దగ్గరపడింది. వేయించాలా, మానేయాలా?

పెద్దమ్మాయి అమ్మ
మా అమ్మాయికి అచ్చం ఇలాగే వచ్చిందండీ. మొదట చూపించిన చోట కోసి తీసేద్దామన్నారు. నాకు మనసొప్పక ఇంకో చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ టీకా, ఏ తొడకి వేశారు?" అని. టీకా గ్రాన్యులోమా అంటారట. కోతా లేదు, సూదీ లేదు. దురద ఎక్కువైనప్పుడు రాయడానికి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు. నేను గోళ్లు పొట్టిగా కత్తిరించి, రాత్రిళ్లు నూలు ప్యాంటు తొడిగేదాన్ని. పూర్తిగా కరగడానికి నాలుగేళ్లు పట్టింది. ఓపిక పట్టండి.

టీకాల నర్సు
పదహారేళ్లుగా టీకాలు వేస్తున్నాను. సీసా కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడండి, అందులో ఉండేది అల్యూమినియం ఉప్పే. అందుకే ఊపి మరీ సిరంజిలోకి తీస్తాం. ఈ ఉప్పు కలపడం 1926లో గ్లెన్నీ అనే శాస్త్రవేత్త డిఫ్తీరియా టీకాతో మొదలుపెట్టిన పద్ధతి. శరీరం టీకాని బాగా గుర్తుపట్టేలా చేస్తుంది. డోసుకి సాధారణంగా ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు.

దీనివల్ల ఏమీ కాదని నేను చెప్పను. రెండు మూడు రోజుల నొప్పి, ఎరుపు, వాపు చాలామందికి వస్తాయి. మీ బాబుకి వచ్చినలాంటి గడ్డ అరుదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో కోరింత దగ్గు టీకా పరీక్షల్లో దాదాపు 76 వేల మంది పిల్లల్లో 645 మందికి దురద గడ్డలు కనిపించాయి. వాళ్లలో చాలామందికి చర్మానికి అల్యూమినియం పడదని ప్యాచ్ టెస్టులో, అంటే చర్మం మీద పట్టీలా అంటించి చూసే పరీక్షలో తేలింది. జలుబు చేస్తే దురద పెరగడం దీని గుర్తే.

మెదడు సంగతి. తల్లిపాలల్లో కూడా అల్యూమినియం ఉంటుంది కదా అని కొట్టిపారేస్తారు కొందరు. ఆ పోలిక నాకు నచ్చదు, ఎందుకంటే కడుపులోకి వెళ్లినదాంట్లో ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. సూదిలోది మెల్లగా రక్తంలోకి వస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. నాకు ధైర్యం ఇచ్చింది 2025లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనం. 12 లక్షల మంది పిల్లల్లో, ఆటిజం, ఆస్తమాతో సహా 50 జబ్బులు చూశారు. అల్యూమినియం ఎక్కువ అందిన పిల్లల్లో ఏదీ పెరగలేదు.

బూస్టర్ మానకండి. కుడి తొడకి వేయమనండి, కండలోకి లోతుగా దిగాలి. చర్మం కిందే ఆగిపోతే ఇలాంటి గడ్డలకి ఎక్కువ అవకాశం. గడ్డ ఎర్రబడి, వేడిగా, చీము పట్టినట్టుంటే మాత్రం అది వేరే సంగతి, ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

బాబుతల్లి
చీము లేదండీ, వేడీ లేదు. ఇప్పుడే మళ్లీ తడిమి చూశాను. టీకా కార్డు తీసి ఏ రోజు ఏ తొడకి వేశారో రాసిపెట్టుకున్నాను. సోమవారం వెళ్తున్నాం, కుడి తొడకే వేయిస్తాను.