నీటి మీటర్ చెడిపోతే బిల్లు భారం ఎవరిది?

కొత్తపేట గృహిణి: హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల నీళ్లు ఉచితం. పేదల బస్తీలు కాకుండా మిగతా ఇళ్లకు పనిచేసే మీటర్ ఉండాలని షరతు. మీటర్ కొనుక్కోవాల్సింది కూడా మనమే. అది ఆగిపోయినా, మితిమీరి తిరిగినా నష్టం ఇంటివాళ్లకేనా? ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి పరీక్ష అయ్యేదాకా పాత నెలల సగటు ప్రకారమే బిల్లు వేయాలి. తేడా ఏమైనా ఉంటే తర్వాత సర్దాలి. మీరేమంటారు?

రిటైర్డ్ ఇంజినీర్: నేను ఒప్పుకోనమ్మా. మీటర్ ఎక్కువ తిరిగితే వెంటనే ఫిర్యాదు వస్తుంది, ఆగిపోతే ఎవరూ నోరు విప్పరు. సగటు బిల్లు గ్యారంటీ అయితే ఎండాకాలంలో మీటర్ ఆగిపోవడమే లాభం. నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసి తెస్తున్న నీళ్లండీ ఇవి. లెక్క లేకుండా పోతే నగరం చివర ఉన్న కాలనీలకే కొరత.

ప్లంబింగ్ పనివాణ్ణి: ముందు మీటరే తప్పు చూపిస్తోందా అన్నది తేల్చుకోండి. నేను చూసిన చాలా ఇళ్లలో సంపు నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వ్ పోయి, నీళ్లు వచ్చే టైములో సంపు నిండి పొర్లిపోతుంటుంది. అప్పుడు మీటర్ నిజమే చెబుతున్నట్టు. ఇంట్లోనే చూసుకోవచ్చు. మోటార్ ఆపేసి, నీళ్లు వదలకముందు మీటర్ రీడింగ్, సంపులో నీటి మట్టం రాసుకోండి. నీళ్లు ఆగాక రెండూ మళ్లీ చూడండి. సంపు 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు ఉండి నీళ్లు అర మీటర్ పెరిగాయంటే 1,500 లీటర్లు వచ్చినట్టు. అదే సమయంలో మీటర్ 1,900 లీటర్లు తిరిగిందంటే తేడా ఉన్నట్టే. మామూలు ప్రవాహంలో 2 శాతం అటూఇటూ తేడాను నీటి మీటర్లకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 779 కూడా ఒప్పుకుంటుంది, దానికి గొడవ పడొద్దు. ఇంకోటి, రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే చోట ఖాళీ పైపులో గాలి నీళ్లకంటే ముందు తోసుకొచ్చి మీటర్‌ను తిప్పేస్తుంది.

కొత్తపేట గృహిణి: గాలికి కూడా డబ్బు కట్టాలా అన్నా? నేను అంటున్నదీ అదే.

రిటైర్డ్ ఇంజినీర్: ఈ ఒక్క మాట నిజం. మెయిన్ లైన్ మీద గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వ్‌లు పెట్టి, వాటిని బాగా ఉంచడం సరఫరా చేసేవాళ్ల పని. దాన్ని వినియోగదారుడి మీదకు నెట్టకూడదు. సగటు బిల్లు విషయంలో మాత్రం నా మాట అదే. ఇవ్వాలంటే గడువు పెట్టి ఇవ్వాలి.

అద్దె ఇంటివాణ్ణి: మా గోడు కూడా వినండి. కనెక్షన్ ఓనర్ పేరు మీద, బిల్లు మా జేబులోంచి. ఫిర్యాదుకు ఆయన ముందుకు రారు, మేం వెళ్తే కనెక్షన్ మీది కాదు కదా అంటారు. రూలు ఏది పెట్టినా ఇంట్లో ఉంటున్నవాళ్ల ఫిర్యాదు కూడా తీసుకోవాలి.

కోర్టు పనులు తెలిసినవాణ్ణి: గొడవ తేలకపోతే, ఇలాంటి సేవల తగాదాలు తీర్చే పర్మనెంట్ లోక్ అదాలత్ ఉంది. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 22-ఎ సెక్షన్ ప్రకారం నీటి సరఫరా ప్రజోపయోగ సేవ కిందికి వస్తుంది. మామూలు కోర్టుకు వెళ్లకముందే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. రీడింగ్ ఫోటోలు తేదీ కనిపించేలా తీయండి, ఫిర్యాదు నంబర్ పోగొట్టుకోవద్దు. ప్లంబర్ అన్న చెప్పిన సంపు లెక్క కూడా కాగితం మీద పెట్టి జతచేయండి.