ఎనిమిదో తరగతి పిల్లలకు ముత్తులక్ష్మి రెడ్డి గురించి ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న: ఉపాధ్యాయిని, కావలి

నేను కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. ఈసారి గోడపత్రికకు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గురించి ఎనిమిదో తరగతి పిల్లల చేత రాయిద్దామనుకున్నాను. వారు సేకరించి తెచ్చినదంతా ‘తొలి మహిళ’, ‘తొలి వైద్యురాలు’ అన్న బిరుదుల వరుసే. అది చదివిన పిల్లకు ఆవిడ పుట్టుకతోనే గొప్పదన్న భావన తప్ప మరేమీ మిగలదు. ఆమె తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టారన్న సంగతి పదమూడేళ్ళ పిల్లలకు చెప్పవచ్చునా? తోటి ఉపాధ్యాయులు కొందరు ఆ మాట వదిలేయమంటున్నారు. పిల్లల తల్లిదండ్రులు ఏమంటారోనన్న జంకు నాకూ ఉంది.

సమాధానం: విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

తప్పకుండా చెప్పండమ్మా. అది వదిలేస్తే మిగతా జీవితం అర్థం కాదు. 1886లో పుదుక్కోట సంస్థానంలో పుట్టిన ఆ పిల్లను మగపిల్లల కళాశాలలో చేర్చుకోవడానికి వీల్లేదని కొందరు తల్లిదండ్రులు అడ్డుపడితే, మహారాజు స్వయంగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది. అక్కడి నుంచి మద్రాసు వైద్య కళాశాలకు వెళ్ళి 1912లో పట్టా పుచ్చుకున్న మనిషి, 1926లో మద్రాసు శాసనమండలిలో సభ్యురాలై, మరుసటి ఏడే బాలికలను గుళ్ళకు అంకితం చేసే ఆచారాన్ని ఆపాలని తీర్మానం తెచ్చారంటే, ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు తెలియవద్దా?

ఇందులో ఇంకో మెలిక ఉంది. దేవదాసీలకు ఆలయ సేవ చేస్తేనే ఈనాం భూమి దక్కేది. కాబట్టి భూమి చేజారకుండా ఉండాలంటే ఇంట్లో ఒక ఆడపిల్లను గుడికి ఇవ్వక తప్పేది కాదు. 1929లో వచ్చిన చట్ట సవరణ ఆ ముడిని విప్పి, సేవతో నిమిత్తం లేకుండా భూమిని వారికే వదిలింది. అంకితం చేయడాన్నే నిషేధించే చట్టానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది. నెల్లూరు, ఒంగోలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనివే గనుక అది మన ఊళ్ళ గుళ్ళకూ వర్తించింది. ఆవిడ పరాయి రాష్ట్రపు మనిషని పిల్లలు అనుకోకుండా చూడండి.

సమాధానం: వైద్య విద్యార్థిని, నెల్లూరు

మేడమ్, ‘తొలి’ అన్న మాట విషయంలో కొంచెం జాగ్రత్త వహించండి. మద్రాసు వైద్య కళాశాలలో మేరీ షార్లీబ్ తదితర మహిళలు 1875లోనే చేరారు. ఆనందీబాయి జోషీ 1886లోనే అమెరికాలో వైద్య పట్టా పొందారు. మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ ముత్తులక్ష్మి గారే అన్నది మాత్రం నిక్కచ్చిగా రాయవచ్చు. ఇంటిపేరు చూసి మన జిల్లా పిల్లలు ఆవిడను మనవాళ్ళ కోడలనో కూతురనో అనుకుంటారు (మా హాస్టల్లో ఈ వాదన జరిగింది కూడా). 1914లో డాక్టర్ సుందర రెడ్డి గారిని పెళ్ళాడినందువల్ల వచ్చిన పేరది. తనను సమానంగా చూడాలని, తన పనులకు అడ్డురాకూడదని ముందే మాట తీసుకుని చేసుకున్న పెళ్ళి. పాఠశాల పిల్లలకు వైద్య పరీక్షలు జరపాలని కూడా ఆవిడ మండలిలో కోరారు. బడికి వైద్య బృందం వచ్చి కళ్ళూ పళ్ళూ చూసి వెళ్ళే రోజున ఆ ముక్క చెబితే బాగా పడుతుంది.

సమాధానం: ఒక తండ్రి, ఒంగోలు

కందుకూరు మాస్టారి మాట కాదనను గానీ, గోడపత్రికను ఆరో తరగతి పిల్లలు కూడా చదువుతారు. నేనైతే చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఆసుపత్రితో మొదలుపెట్టమంటాను. మన వైపు నుంచి పినాకినీ రైలు ఎక్కి అక్కడికి వైద్యానికి వెళ్ళి వచ్చినవారు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మా మేనత్తను నేనే తీసుకువెళ్ళాను. చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయిన దుఃఖం నుంచి ముత్తులక్ష్మి గారు ఆ ఆసుపత్రి కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1954లో పన్నెండు పడకలతో అది మొదలైంది. అప్పటికి ఆవిడకు దాదాపు అరవై ఎనిమిదేళ్ళు. దేవదాసీల సంగతి మీరు తరగతిలో నోటితో చెప్పండి, గోడమీద వద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఒంగోలు వారు చెప్పినట్టు ఆసుపత్రితోనే ఆరంభిస్తాం, కానీ తల్లి సంగతి గోడమీద నుంచి తీసేయను. ‘ముత్తులక్ష్మి తల్లి దేవదాసీల ఇంట పుట్టారు, ఆ ఆచారాన్ని ఆపాలని కూతురు శాసనమండలిలో పట్టుబట్టారు’ అన్నంతవరకే రాయించి, ఈనాం భూముల వివరం తరగతిలో చెబుతాను. అభ్యంతరంతో తల్లిదండ్రులెవరైనా వస్తే ప్రధానోపాధ్యాయుల గదిలో నేనే మాట్లాడతాను. ‘తొలి’ అన్న మాటను శాసనమండలి దగ్గర తప్ప మిగతా చోట్ల కొట్టివేయించాను.