డిసెంబరు కచేరీలకు అమెరికా నుంచి చెన్నై: అమ్మతో వెళ్లాలని ఉంది, సలహా చెప్పండి

ప్రశ్న: నమస్తే అండీ. మేముండేది డల్లాస్‌లో. ఈసారి డిసెంబరులో చెన్నై కర్ణాటక సంగీత కచేరీలకు వెళ్లాలని, విజయవాడ నుంచి అమ్మను కూడా అక్కడికే రప్పించాలని ఉంది. సెలవు రెండు వారాలే. ఏ తేదీలు మేలు, ఎక్కడ దిగాలి, టికెట్లు ఇక్కడి నుంచి ఎలా కొనాలి? అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. పనిలో పనిగా తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన కూడా చూసి రావచ్చా?

జవాబు: ముందు విమానం టికెట్లు కొనేయండి. ఎవరి కచేరీ ఎప్పుడో తెలిసేది నవంబరు ప్రాంతంలో, అప్పటిదాకా ఆగితే క్రిస్మస్ రేట్లు ఆకాశంలో ఉంటాయి. మ్యూజిక్ అకాడమీ ఉత్సవం ఏటా దాదాపు డిసెంబరు 15 నుంచి జనవరి 1 దాకా, ఆ మధ్యలో ఎప్పుడొచ్చినా పేరున్నవాళ్లు చాలామంది ఊళ్లోనే ఉంటారు, ఒక సభలో (కచేరీలు పెట్టే సంస్థల్ని ఇక్కడ సభలంటారు) తప్పిపోయినవాళ్లు నాలుగు రోజులకు ఇంకో సభలో దొరుకుతారు కాబట్టి ఫలానా కచేరీ పోయిందని టెన్షన్ పడక్కర్లేదు.

బస మైలాపూర్‌లోనో ఆళ్వార్‌పేటలోనో చూసుకోండి. అకాడమీ, నారద గాన సభ రెండూ టీటీకే రోడ్డు మీదే. రసిక రంజని సభ, భారతీయ విద్యా భవన్ మైలాపూర్‌లో. టి.నగర్‌లో కృష్ణ గాన సభ, వాణీ మహల్ ఉన్నాయి గానీ, సాయంత్రం ట్రాఫిక్‌లో అటూ ఇటూ తిరిగితే మీరు చేరేసరికి మొదట్లో పాడే వర్ణం అయిపోతుంది. రోజుకి ఒక్క పేట చాలు.

జెట్‌లాగ్‌ను కూడా లెక్కలో వేసుకోండి. అమెరికా నుంచి దిగినవాళ్లకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ, సాయంత్రం ఏడయ్యేసరికి కళ్లు మూతలు, సరిగ్గా పెద్ద కచేరీ ఊపందుకునే వేళకి. ముందు వరసలో ఖరీదైన సీట్లో కూర్చుని తానం అంతా కునికిపాట్లు పడే ఎన్నారైలను ఏటా చూస్తూనే ఉంటాం. అందుకని మొదటి రెండు మూడు రోజులు సాయంత్రం టికెట్లు కొనకండి. పొద్దున ఎనిమిదింటికి అకాడమీలో లెక్‌డెమ్‌లకు (పాడి చూపిస్తూ చెప్పే ఉపన్యాసాలు) వెళ్లండి, మధ్యాహ్నం చాలా సభల్లో కుర్రవాళ్ల కచేరీలు ఉచితంగానే ఉంటాయి. హాలు సగం ఖాళీ, అమ్మ నచ్చిన సీట్లో కూర్చోవచ్చు, పాడేవాళ్లు ప్రాణం పెట్టి పాడతారు. నన్నడిగితే సీజన్‌లో అసలు రుచి అక్కడే.

టికెట్ల దగ్గర విదేశీ కార్డులు ఒక్కోసారి మొరాయిస్తాయి, విజయవాడలో ఎవరి చేతైనా కొనిపించండి. బాల్కనీ చవకని ఆశపడొద్దు, మెట్లుంటాయి. కింద, నడవా పక్క సీటు తీసుకోండి. ఏసీకి శాలువా తప్పనిసరి. ఇంకోటి, తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే జనం కాంటీన్‌కి లేస్తారు (మృదంగం వాయించేవాళ్ల మొహం చూస్తే పాపం అనిపిస్తుంది), ఆ తోపులాటలో అమ్మను లేపకండి, కాఫీ ముందే తాగించి తీసుకెళ్లండి.

మళ్లీ అడిగినవారు: చాలా థాంక్సండీ. మరి తిరువయ్యారు?

ఇంకొకరి జవాబు: ఆరాధన పుష్య బహుళ పంచమికి కదండీ, తేదీ ఏటా మారుతుంది. 2024లో జనవరి 30న వచ్చింది, 2025లో జనవరి 18న. మీ రెండు వారాల్లో కచేరీలూ ఆరాధనా రెండూ ఇమిడే ఏడాదులు తక్కువ, పంచాంగం చూసుకున్నాకే సెలవు పెట్టండి. విమానమైతే తిరుచ్చిలో దిగాలి, రైలైతే తంజావూరు, అక్కడి నుంచి పదమూడు కిలోమీటర్లు. నాటతో మొదలుపెట్టి శ్రీరాగం దాకా త్యాగరాజు పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడుతుంటే వినాల్సిందే, కాదనను. కానీ కావేరి ఒడ్డున ఆ రద్దీలో నేల మీద కూర్చోవడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నరకం. అమ్మగారు మీ దగ్గరికి వచ్చినప్పుడు క్లీవ్‌లాండ్ తీసుకెళ్లండి, అక్కడ 1978 నుంచి ఈస్టర్ రోజుల్లో త్యాగరాజ ఆరాధన చేస్తున్నారు. పంచరత్నాలు అక్కడా అందరూ కలిసి పాడతారు, హాల్లో కుర్చీలుంటాయి.

మరొకరు: ఇవన్నీ సరే, మీరు హెచ్1బీ మీద ఉంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఇవాళే చూసుకోండి. అది అయిపోయి ఉంటే తిరిగి రావడానికి ఇంటర్వ్యూ కావాల్సి రావచ్చు, ఆ రెండు వారాల్లోనే కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరుకుతుందని నమ్ముకుని బయల్దేరకండి.