గ్రామ తుపాను ప్రణాళిక రాసినవారు ఎవరైనా ఉన్నారా?

మాది దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న పంచాయతీ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మాట వస్తే మా నాయనమ్మ ఇప్పటికీ మౌనంగా లేచి వెళ్లిపోతుంది. నేను వార్డు సభ్యురాలిని. గ్రామసభలో తుపాను ప్రణాళిక పెట్టాలని పట్టుబట్టాను. రాసే పని నాకే అప్పగించారు.

2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా ప్రణాళిక ఎలా ఉండాలో చెబుతుంది, స్థానిక సంస్థలకూ బాధ్యతలు పెట్టింది. ఊరి స్థాయిలో అది ఎలా ఉండాలి? మాకు దొరికిన పాత నకలులో ఫోను నంబర్ల పట్టిక తప్ప ఏమీ లేదు, అందులో సగం పనిచేయవు.

నా బెంగంతా మనుషుల గురించే. మంచం పట్టిన వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు, వేటకు వెళ్లినవారి కుటుంబాలు. కిందటి తుపానుకు ఒక పెద్దాయన గేదెలను వదిలి రానని చూరు కిందే కూర్చున్నారు. తుపాను షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక పిల్లలతో వానలో నిలబడ్డాం.

ఇలా సాయం అవసరమైనవారి ఇంటింటి జాబితా మీ ఊళ్లో ఎవరు రాశారు, ఎన్ని నెలలకోసారి సరిచూస్తారు? పశువులను ఎక్కడికి తరలిస్తారు? ట్రాక్టర్ల యజమానులతో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకున్నారా? మురుగు కాల్వల పూడికతీతను పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చి ఆర్థిక సంఘం నిధులు వాడినవారు ఉన్నారా?

ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి గ్రామాలకు 2020లో సునామీ సన్నద్ధతకు యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడి కసరత్తులను దగ్గరగా చూసినవారు ఉంటే తప్పక రాయండి. నమూనా ప్రతి ఏదైనా, చేతిరాతదైనా సరే, పంచుకోండి. అక్టోబరులోపే గ్రామసభ ముందు పెట్టాలి.