ఇంటివాళ్లను ‘పదహారు రకాల’ పరీక్షతో అర్థం చేసుకోవచ్చా?

పటమట ఇల్లాలు:
హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సంక్రాంతికి వచ్చి, ఇంటిల్లిపాది చేతా మైయర్స్–బ్రిగ్స్ వ్యక్తిత్వ పరీక్ష రాయించింది. జవాబులను బట్టి మనుషుల్ని పదహారు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి నాలుగు ఇంగ్లీషు అక్షరాల పేరు ఇస్తుందది. మావారికి ‘ఐఎస్‌టీజే’ వచ్చింది: అంతర్ముఖుడు, వివరం వదలడు, తర్కమే ముందు, పద్ధతి తప్పడు. గుంటూరు నుంచి మా పుట్టింటివాళ్లు వస్తే ఆయన పలకరించి, కాఫీ తాగి, మేడ మీదికి వెళ్లిపోతారు. మావాళ్లంటే చులకన అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నలుగురి మధ్య ఎక్కువసేపు కూర్చుంటే అలసిపోతానని ఈ పరీక్ష తరవాతే ఆయన నోట విన్నాను. మామగారు మాత్రం ‘చిలకజోస్యానికి సూటూ బూటూ వేశారు’ అని కొట్టిపారేశారు. మీరేమంటారు?

బ్రాడీపేట మాస్టారు:
మీ మామగారి మాటలో పస ఉందమ్మా. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు ఇస్తున్నట్టు నటిస్తూ అందరికీ ఒకే కాగితం పంచాడు. అందులోని వాక్యాలు బజారులో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. ఎంత సరిపోయిందో మార్కులు వేయమంటే సగటున 5కి 4.26 వేశారు!

ఇక మీ పరీక్ష. 1921లో కార్ల్ యూంగ్ అనే స్విస్ మనస్తత్వవేత్త ప్రతిపాదించిన వ్యక్తిత్వ రకాలు ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసాబెల్ మైయర్స్ తయారుచేశారు. ఇద్దరూ మనస్తత్వ శాస్త్రం చదివినవారు కారు. నా అభ్యంతరం అది కాదు. మనలో ఎక్కువమంది అంతర్ముఖత్వానికీ బహిర్ముఖత్వానికీ నడిమధ్యన ఉంటాం. ఈ పరీక్ష మధ్యలో గీత గీసి అటో ఇటో తోసేస్తుంది. గీత పక్కనున్న మనిషి కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే రకమే మారిపోవచ్చు. పరిశోధకులు ఎక్కువగా నమ్మే ఐదు లక్షణాల పద్ధతిలో రకాలుండవు, ఏ గుణం ఎంత పాళ్లలో ఉందన్నదే చూస్తారు.

లంక కోడలు:
మాస్టారూ, లెక్కల మాట సరే, ఇంట్లో పనికొచ్చిందా లేదా? మా అత్తగారు ఫోనులో చదవలేరని ఆవిడ తరఫున జవాబులు నేనే నొక్కాను. ‘ఈఎస్‌టీజే’, అజమాయిషీ చేసే రకం! అచ్చుగుద్దినట్టు ఆవిడే. అప్పటి నుంచి ఏమన్నా ‘ఆ రకం అంతే’ అని ఊరుకుంటున్నాను.

బ్రాడీపేట మాస్టారు:
తల్లీ, ఆ జవాబులు మీవి. వచ్చిన నాలుగక్షరాలూ ఆవిడ మీద మీకున్న అభిప్రాయం. ఆవిడను మీ తరఫున నొక్కమనండి, ఏం వస్తుందో చూద్దాం.

లంక కోడలు:
వద్దులెండి.

మిర్చియార్డు:
గుంటూరు యార్డులో మాది కమీషన్ కొట్టు. నా కోపం వేరు. ఈ పరీక్ష రాసినప్పటి నుంచి మా తమ్ముడు పెళ్లిళ్లకు రాడు, నాన్నగారి ఆస్పత్రి పనులకూ రాడు. అడిగితే ‘నేను అంతర్ముఖుణ్ని అన్నయ్యా’ అంటాడు. నేనేమైనా జనాన్ని చూసి పొంగిపోయే మనిషినా? ఫిబ్రవరి, మార్చిలో సరుకు ముంచెత్తినప్పుడు రైతులతో, కొనేవాళ్లతో, హమాలీలతో గొంతు పోయేలా మాట్లాడి, ఇంటికొచ్చి తలుపు వేసుకుంటాను. నాకు ఏ అక్షరాలొస్తాయో ఎవరూ అడగలేదు. నాన్నగారిని డాక్టరుకు చూపించడానికి అక్షరాలతో పనేముంది?

సత్యనారాయణపురం:
అన్నగారూ, పరీక్ష లేకపోతే మీ తమ్ముడు ‘పనుంది’ అనేవాడు. సాకు వెతికేవాడికి ఏదైనా దొరుకుతుంది. పైగా ఈ సిద్ధాంతం చెప్పేది ఏది మనసుకు సులువో మాత్రమే. ఏది చేతకాదో చెప్పదు. ఉద్యోగుల ఎంపికకు దీన్ని వాడకూడదని మైయర్స్–బ్రిగ్స్ సంస్థే అంటుంది. నాకు భయమల్లా పెళ్లిచూపుల గురించి. జాతకాలతో పాటు ఇదీ అడిగే రోజు వస్తే, నాలుగక్షరాలు కలవలేదని మంచి సంబంధాలు వదులుకుంటారు.

పటమట ఇల్లాలు:
ఆదివారం మా అన్నయ్యావాళ్లు వస్తున్నారు. ఎంతసేపు కూర్చుంటారని ఆయన్ను ముందే అడిగాను. ‘అరగంట’ అన్నారు. ఏ పరీక్షా లేకుండానే అడగవచ్చు కదా అని మాస్టారు అంటారు. నిజమే, కానీ ఇన్నేళ్లలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. అంతవరకు దాని మేలు నేను కాదనను.

బ్రాడీపేట మాస్టారు:
నేనూ కాదనను. కానీ ఆదివారం ఆయన మీ అన్నయ్యతో కబుర్లలో పడి రెండు గంటలు కూర్చుంటే మాత్రం, ‘మీ రకం ఇది కాదే’ అనకండమ్మా.